ముందుకు జరిగిన గోడ

కిందటి వారం భాగం ముగించేటప్పుడు నన్ను నేనే ఈతకొలను గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతిలో టేపు పెట్టి, అక్కడే వదిలేసి వెళ్ళాను. వారం రోజులు మోకాళ్ళ మీద ఉండడం నలభై ఎనిమిదేళ్ళ మనిషికి తక్కువ శిక్షేం కాదు. అయినా నేను చేసిన పనికి అది చాలదని ఈ వారం మీరే అంటారు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముందుకు కదులుతాను. మా క్లబ్బులో పిల్లలకి ఈత నేర్పేది నేను. నా దగ్గర పదమూడేళ్ళ పిల్ల ఒకతి ఉంది. కాళ్ళు బారెడు, ఒళ్ళు పుల్ల, ఒక్కచోట నిమిషం నిలబడదు, అందుకని మిడత అని పేరు పెట్టాను. మిడత వెల్లకిలా ఈదుతుంది. ప్రాంతీయ జట్టులోకి తీసుకోవాలంటే రెండు వందల మీటర్లు రెండు నిమిషాల నలభై సెకన్ల లోపు ఈదాలి. మిడత మా కొలనులో రెండు ముప్పై ఎనిమిది పాయింట్ తొమ్మిదిలో ఈదింది. క్లబ్బులో పట్టిన టైముని కోచ్ సంతకంతో పంపితే ఒప్పుకుంటారు. నేను సంతకం పెట్టాను, పంపాను, జాబితాలో ఆఖరి పేరుగా మా మిడత పేరు వచ్చింది. శనివారం సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక, భుజం నొప్పి కాస్త సర్దుకుందని, ఏడాది తర్వాత నేను నీళ్ళలోకి దిగాను. ముప్పై ఏళ్ళుగా అలవాటైన లెక్క ప్రకారం వెల్లకిలా ఈది చెయ్యి చాపితే, నీళ్ళుండాల్సిన చోట గోడ తగిలింది. వేళ్ళ కణుపులు గీరుకుపోయాయి. లేచి, ఒళ్ళు కూడా తుడుచుకోకుండా, స్టోర్ రూంలోంచి టేపు తెచ్చాను.

ఇరవై ఐదు మీటర్లు ఉండాలి. ఇరవై నాలుగు మీటర్ల అరవై నాలుగు సెంటీమీటర్లు ఉంది.

టేపు చెడిపోయిందనుకున్నాను. మనిషి బుద్ధి ముందు అటే పోతుంది కదా, తప్పు టేపుదై ఉండాలి, నాది కాకూడదు. ఒకటో లేన్‌లో కొలిచాను, మూడులో కొలిచాను, ఐదులో కొలిచాను. మూడుసార్లూ అదే అంకె. రెండు వందల మీటర్లంటే ఆ కొలనుని ఎనిమిదిసార్లు దాటాలి. దాటినప్పుడల్లా ముప్పై ఆరు సెంటీమీటర్లు తక్కువంటే, మొత్తం మీద దగ్గర దగ్గర మూడు మీటర్లు మా మిడత ఈదనే లేదు. ఆ మూడు మీటర్లకీ రెండుంపావు సెకన్లు పడుతుంది. కలిపితే రెండు నలభై ఒకటి దాటుతుంది. గట్టు మీద కూర్చుని ఆ లెక్క వేళ్ళ మీద నాలుగుసార్లు వేశాను. వేళ్ళు మారిస్తే మాత్రం లెక్క మారుతుందా?

ఇలా ఎలా జరిగిందంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. నాలుగు నెలల కిందట మా కొలను రెండు కొసల గోడలూ నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. పాత గోడలు పగలగొట్టకుండా, వాటికి ఆనించి లోపలి వైపు కొత్త గోడలు కట్టించారు. కట్టిన మేస్త్రి ఎవరో కాదు, మిడత వాళ్ళ నాన్నే. పని నున్నగా, తీరుగా చేశాడు, వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. కొలను పొడవు మాత్రం ఎవరూ కొలవలేదు. ఎందుకు కొలుస్తారండీ? ఇరవై ఐదు మీటర్ల కొలను ఇరవై ఐదు మీటర్లే ఉంటుంది. పంపిన కాగితంలో "కొలను పొడవు సరిచూశాను" అని ఒక గడి ఉంది. ఏటా టిక్కు పెట్టినట్టే ఈ ఏడూ పెట్టాను.

అసలు సిగ్గు అది కూడా కాదు. వెల్లకిలా ఈదేవాళ్ళకి ముందున్న గోడ కనపడదు. అందుకే గోడకి ఐదు మీటర్ల ఇవతల, నీళ్ళ పైన, తాడుకి రంగు జెండాలు కడతారు. జెండాలు కళ్ళ మీదకి రాగానే ఎన్ని చేతులు వేశామో లెక్కపెట్టుకోవాలి. మిడత లెక్క ఐదు. ఐదు చేతులు వేసి, బోర్లా తిరిగి, పల్టీ కొట్టి గోడని తన్నుతుంది. మరమ్మతు అయ్యాక కొలను తెరిచిన మొదటి రోజే దాని ఐదో చెయ్యి గోడకి కొట్టుకుంది. రెండో రోజు మళ్ళీ కొట్టుకుంది. మూడో రోజు నీళ్ళలోంచి తల ఎత్తి, "గోడ ముందుకొచ్చింది మేడమ్" అంది.

జెండాల స్తంభాలు గట్టులో పాతినవి, అవి ఉన్నచోటే ఉన్నాయి. గోడ ముందుకొచ్చింది. పిల్ల ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈదలేక గోడ మీదకి తోస్తున్నావా? గోడకి కాళ్ళొచ్చాయా?" అన్నాను. ఐదు లేన్ల పిల్లలూ పగలబడి నవ్వారు. వారం రోజులు ఒకళ్ళనొకళ్ళు "నీ గోడ ఎక్కడిదాకా వచ్చిందే" అని ఏడిపించుకున్నారు. నేను దాని లెక్క నాలుగుకి మార్చాను. నాలుగు చేతులు, తర్వాత చెయ్యి ఆపి వెల్లకిలానే కాళ్ళాడిస్తూ జారడం, అప్పుడు బోర్లా తిరగడం. దాని ఒంటికి ఆ మలుపు ఎక్కించడానికి మూడు నెలలు నానా తిప్పలు పడ్డాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఏం చేస్తాం.

ఇక కథలోకి వస్తాను.

ఆదివారం పొద్దున క్లబ్బు సెక్రెటరీకి ఫోన్ చేశాను. ఆయన విషయం అంతా విన్నాడు. తర్వాత నవ్వాడు.

"జానెడు తేడాకి పొద్దున్నే ఫోనా అమ్మా? ఎవరు అడిగారు? చేపలేమన్నా ఫిర్యాదు చేశాయా?"

"సంతకం నాదండీ."

"అదే చెప్తున్నా. సంతకం మీది. మీరు గమ్మున ఉంటే ఎవరు కొలుస్తారు? పిల్ల జట్టులోకి వెళ్తుంది, క్లబ్బుకి పేరొస్తుంది, మీకూ పేరొస్తుంది. గోడ సంగతి వచ్చే ఏడు చూద్దాం."

ఆయన్ని తిట్టుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, మేస్త్రి ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో తిరిగింది. గమ్మున ఉంటే ఎవరు కొలుస్తారు? ఈ జట్టుకి పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళని తీసుకోరు. మిడతకి ఇదే ఆఖరి అవకాశం. జట్టులోకి వెళ్తే మూడు వారాల శిబిరం, పెద్ద కొలను, నాకంటే చదువుకున్న కోచ్‌లు, బాగా ఈదితే క్రీడా పాఠశాలలో సీటు. ఈ క్లబ్బులో ఉంటే నేనూ, నా ఈలా. పిల్లకి మంచి జరుగుతుందంటే రెండు సెకన్ల అబద్ధం అంత పెద్దదా అని కూడా అనుకున్నాను. వాళ్ళ వీధి మలుపు దగ్గర రెండు నిమిషాలు ఆగిపోయాను. వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. ఒక ముసలాయన "ఎవరిల్లు కావాలమ్మా?" అని అడిగాడు. అడిగాడు కాబట్టి చెప్పాల్సొచ్చింది, చెప్పాను కాబట్టి వెళ్ళాల్సొచ్చింది.

ఊళ్ళో గోడలన్నీ నున్నగా చేసే మేస్త్రి ఇంటి గోడకి ఇంకా పూత లేదు. ఇటుకలు కనపడుతూనే ఉన్నాయి. ముందు గదిలో తాపీలూ, మట్టపలకా, తూకపు గుండూ కడిగి వరసగా ఆరబెట్టి ఉన్నాయి. మిడత వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఆయా, ఆ రోజు డ్యూటీకి వెళ్ళింది. మిడత కిటికీ దగ్గర కూర్చుని ఈత కళ్ళజోడు రబ్బరు సరిచేసుకుంటోంది. నన్ను చూడగానే దిగ్గున లేచింది. మేస్త్రి కుర్చీ దులిపి వేశాడు.

"రండి మేడమ్, కూర్చోండి. కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళం కదా. జాబితా విషయమా? బట్టలేం సర్దాలో చెప్పడానికొచ్చారా?"

గోడ మీద, మేకుకి వేలాడుతూ, కొత్త సంచీ కనపడింది. ధర చీటీ ఇంకా చింపలేదు. 

"మేస్త్రిగారూ, మీరు కట్టిన గోడ మందం ఎంత?"

ఆయన ఆశ్చర్యపోయాడు, కానీ పనివాడు కదా, జవాబు నోట్లోనే ఉంది. "అర ఇటుక గోడ. ముందూ వెనకా సిమెంటు. నీళ్ళు దిగకుండా మధ్యలో ఒక పొర. పైన పలకలు. ఏడంగుళాలు. ఏం, ఎక్కడైనా కారుతోందా?"

"కారడం లేదు. రెండో వైపు?"

"అదీ ఏడే. నా గోడలో వెంట్రుకవాసి తేడా ఉండదు మేడమ్."

"పద్నాలుగు అంగుళాలు," అన్నాను. "కొలను పద్నాలుగు అంగుళాలు తగ్గింది."

"తగ్గదా మరి? కట్టకముందే సెక్రెటరీగారికి చెప్పాను, లోపలివైపు కడితే కొలను చిన్నదవుతుంది సార్ అని. ఏడంగుళాలకి పిల్లల ఈత ఆగిపోతుందా, కట్టవయ్యా అన్నారు. కట్టాను." చెప్తూ చెప్తూనే ఆయన మొహం మారింది. లెక్క ఆయనకీ వచ్చు. కొలతల మీద బతికే మనిషి. కూతురి వైపు చూసి, నా వైపు చూశాడు. "టైముకీ దీనికీ..."

"అదే చెప్పడానికొచ్చాను."

చెప్పాను. ఎనిమిదిసార్లు దాటడం, మూడు మీటర్లు, రెండుంపావు సెకన్లు, అన్నీ.  అంతా అయ్యాక ఆయన లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇప్పుడేం చేస్తారు?"

"ఆ టైము తప్పని రాసి పంపిస్తాను."

"పంపిస్తే?"

"పేరు తీసేస్తారు."

"పంపించకపోతే?"

 ఆయన గొంతు పెరగలేదు గానీ, మాట మాత్రం గట్టిపడింది.

"నేను గోడ కట్టాను. సెక్రెటరీ కట్టమన్నాడు. మీరు సంతకం పెట్టారు. ముగ్గురం పెద్దవాళ్ళం, తిలాపాపం తలా పిడికెడు పంచుకుందాం, కాదనను. ఇందులో నా పిల్ల చేసిందేంటి? ఈదమన్నారు, ఈదింది. సంతకం పెట్టేటప్పుడు కొలవలేదు మీరు. పేరు కొట్టేసేటప్పుడు కొలుస్తారా?"

 తల దించుకున్నాను. అప్పుడు కిటికీ దగ్గర్నుంచి మిడత, "నాన్నా, మేడంని ఏమీ అనకు," అంది. "నాకు ముందే తెలుసు."

ఇద్దరం ఒకేసారి దాని వైపు తిరిగాం.

"ఏం తెలుసు?" అన్నాను.

"కొలను చిన్నదయిందని. గోడ కట్టిన రోజు నాన్నతో వెళ్ళా కదా, కొత్త గోడ ఎంత ముందుకొస్తుందో గుర్తు పెట్టేటప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే." అది వాళ్ళ నాన్నని చూసింది. ఆయన అవునన్నట్టు తల ఊపాడు, ఆయనకీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"మరి నాతో చెప్పొచ్చు కదే!"

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఆలస్యమైపోయింది.

"చెప్పాను కదా మేడమ్," అంది మిడత.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు ఎంత తేలిగ్గా ఉండేదో. ఈల మర్చిపోయిన మేడంకి ఈల అందించినట్టు, మామూలుగా గుర్తుచేసింది.

"చెప్పాను. మీరు నవ్వారు. ఇంకోసారి చెబుదామనుకున్నా, అందరూ మళ్ళీ నవ్వుతారని భయమేసింది. తర్వాత ఏమనుకున్నానంటే... మీకు తెలియకుండా ఉంటుందా? మీకు కొలను గురించి అన్నీ తెలుసు కదా. తెలిసే నాలుగు చేతులు నేర్పిస్తున్నారు, తెలిసే సంతకం పెట్టారు, అందరు కోచ్‌లూ ఇలాగే చేస్తారేమో అనుకున్నా."

కాళ్ళ కింద నేల కదలడం అంటారే, అలాంటివి కథల్లోనే అనుకునేదాన్ని. ఆ పిల్ల నన్ను మోసగత్తె అనుకుంది. అనుకుని కూడా, రోజూ పొద్దున ఐదున్నరకి వచ్చి, నేను చెప్పినట్టు ఈది, వెళ్తూ వెళ్తూ "వెళ్ళొస్తా మేడమ్" అని చెప్పి వెళ్ళింది. నేను తప్పు చేస్తున్నానని అనుకోవడం కంటే, తప్పే సరైన పద్ధతి కాబోలు అనుకోవడం దానికి తేలికైంది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి నేర్పుతున్నాను. ఆ మూడు నెలల్లో దానికి నేను నేర్పింది ఇదీ అని తెలిసి, ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ పిల్లే వచ్చి నన్ను ఓదారుస్తుందని బలవంతాన ఆపుకున్నాను.

లేచి దాని ముందుకెళ్ళి నిలబడ్డాను.

"నాకు తెలీదు," అన్నాను. "నిజంగా తెలీదు. తెలిసి చేయలేదు. తెలుసుకోవాల్సిన దాన్ని, నువ్వు చెప్తుంటే వినలేదు. నీ లెక్క ఏ రోజూ తప్పలేదు. ఐదే సరైంది. తప్పింది నేను. అందరి ముందూ నిన్ను నవ్వులపాలు చేశాను, మంగళవారం అందరి ముందే ఈ మాట మళ్ళీ చెప్తాను."

మిడతకి ఎక్కడ చూడాలో తెలియలేదు. కళ్ళజోడు రబ్బరు లాగి వదిలింది, లాగి వదిలింది. "అందరి ముందూ వద్దులెండి మేడమ్," అని గొణిగింది.

"నువ్వు వద్దన్నా చెప్తా."

మేస్త్రి నిట్టూర్చాడు. "సరే. మాకు చెప్పారు, సంతోషం. పైవాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది..."

"మేస్త్రిగారూ, నేను మిమ్మల్ని అడగడానికి రాలేదు. మిమ్మల్నడిగి ఆ బరువు మీ నెత్తిన పెట్టను. ముందు మీకు చెప్పి, తర్వాత రాసి పంపిద్దామని వచ్చాను." ఫోను తీశాను. "మీ గోడ నిలువు తప్పిందని తెలిస్తే, పైన పూత పూసి ఊరుకుంటారా?"

 ఆయన లేచి లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు. "పగలగొట్టి కడతాను," అన్నాడు. "కానీ కట్టడానికి నాకు ఇంకో రోజు ఇస్తారు మేడమ్. నా పిల్లకి ఎవరిస్తారు?"

అక్కడే కూర్చుని రాశాను. కొలను కొలత ఇంత, టైము చెల్లదు, సరిచూడకుండా టిక్కు పెట్టింది నేను, పిల్లకి ఇందులో ఏ దోషమూ లేదు. నాలుగే వాక్యాలు. మేస్త్రి నా భుజం పక్కనుంచి చూస్తున్నాడు. "ఇది పంపాక మళ్ళీ వెనక్కి రాదుగా?" అని అడిగాడు. రాదన్నాను. పంపాను.

 మిడత వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ ఏదో లెక్కేస్తోంది.

"మేడమ్, అసలు కొలనులో అయితే నా టైము రెండు నలభై ఒకటి దాటుతుందన్నారు. దాటాక ఎంత?"

"ఇంకో పావు సెకను అనుకో."

"అంటే సెకనుంపావు ఎక్కువ. నలభై లోపు రావాలంటే ఇంకాస్త." మళ్ళీ వేళ్ళు. "మలుపులు ఏడు కదా. నాలుగు చేతుల తర్వాత జారుతూ వెళ్తాను కదా, అక్కడ బండికి బ్రేకు వేసినట్టుంటుంది. ప్రతిసారీ. ఐదు చేతులతో తిరిగితే అక్కడ ఆగను. మలుపుకి సెకనులో ఐదో వంతు మిగిలినా..."

ఏడు మలుపులు. ఐదో వంతు. నేనూ మేస్త్రీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. సెకనుంపావు పైన ఇంకాస్త. సరిగ్గా అంతే వస్తోంది. నేను పాడుచేసిన మలుపులోనే ఆ సెకను దాక్కుని ఉంది.

"వస్తుందేమో," అన్నాను. వస్తుంది అనే ధైర్యం లేదు.

అరగంటకి ఫోను మోగింది. ఎంపిక కమిటీ ఆఫీసు నుంచి. అవతల మనిషి మర్యాదగానే మాట్లాడాడు. మీ టైము కొట్టేశాం, మీరే చెప్పారు కాబట్టి మీ మీద చర్య సంగతి తర్వాత చూస్తాం అన్నాడు. జాబితా రేపు మధ్యాహ్నం పన్నెండింటికి మూసేస్తాం. అప్పటిలోపు, కొలత పరీక్షించిన కొలనులో, వేరే క్లబ్బు కోచ్ పట్టిన టైము పంపగలిగితే పంపండి. లేకపోతే నిరీక్షణ జాబితాలో మొదటి పిల్లని తీసుకుంటాం. ఆ పిల్ల ఏ క్లబ్బు అని అడిగాను. చెప్పాడు. విని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాను.

మా క్లబ్బుది ఇక చెల్లదు కాబట్టి, మా ఊళ్ళో కొలత పరీక్షించిన కొలను ఇంకొకటే ఉంది. ఆ నిరీక్షణ పిల్ల అక్కడే ఈదుతుంది. అక్కడి కోచ్ మా అక్క.

మా అక్క సంగతి ఈ కథలో ఇంతవరకూ ఎత్తలేదు. ఎత్తకూడదనే అనుకున్నాను. నాకు ఈత నేర్పింది అక్కే. ఆరేళ్ళ కిందట పోటీల్లో అక్క మలుపుల జడ్జి. వెల్లకిల ఈతలో, మలుపు దగ్గర బోర్లా తిరిగాక చెయ్యి ఆగకూడదు. ఆగి జారితే తప్పు, పోటీ నుంచి తీసేస్తారు. నా పిల్లవాడు మొదటి స్థానంలో వస్తున్నాడు. తప్పని అక్క చెయ్యెత్తింది. వాణ్ణి తీసేశారు, రెండో స్థానంలో ఉన్న అక్క శిష్యుడు గెలిచాడు. నేను అందరి ముందూ గట్టు మీద నిలబడి, "నీ వాణ్ణి గెలిపించుకోవడానికే చెయ్యెత్తావు" అని అరిచాను. అంతే. అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో ఎదురుపడినా అక్క ఆ గదిలో, నేను ఈ గదిలో.

"వేరే ఊరు వెళ్దామా మేడమ్?" అని అడిగాడు మేస్త్రి. ఆయనకీ ఈ గొడవ తెలుసు, ఊరందరికీ తెలుసు. వేరే ఊరు వెళ్ళి, కొలను అడిగి, కోచ్‌ని బతిమాలి, మధ్యాహ్నం పన్నెండు లోపు పంపడం అయ్యే పని కాదు.

అక్క నంబరు తీసేయలేదు. రెండో రింగుకే ఎత్తింది.

"చెప్పవే," అంది. ఆరేళ్ళ తర్వాత మొదటి మాట.

మొత్తం చెప్పాను. గోడ, టేపు, సంతకం, పిల్ల చెప్తే నవ్వడం, ఏదీ దాచలేదు. అక్క ఊ కొడుతూ వింది.

"మీ పిల్ల ఆ టైము కొడితే, నా పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. అది తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే."

"వాచీ నా చేతిలో ఉంటుంది. మలుపులు చూసేదీ నేనే."

"నువ్వే ఉండాలక్కా."

 అక్క నెమ్మదిగా, "ఒక్కటి చెప్పు. ఆ రోజు మీ వాడి మలుపు నువ్వు చూశావా?" అంది.

చూశానని ఆరేళ్ళుగా అందరికీ చెప్పాను. తప్పేం లేదని, నా రెండు కళ్ళతో చూశానని. మేస్త్రి నా వైపు చూస్తున్నాడు. మిడత నా వైపు చూస్తోంది.

"చూడలేదు," అన్నాను. "వాచీ చూసుకుంటున్నా."

 తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"రేపు పొద్దున ఐదున్నరకి గేటు తీయిస్తా. పిల్లని తీసుకురా," అంది అక్క. "మూడు నెలలు నాలుగుకి అలవాటు చేసి, ఒక్క పూటలో ఐదుకి మార్చుకోమంటున్నావు. లెక్క తేడా వచ్చి, బోర్లా తిరిగాక గోడ ముందు జారిందంటే నేను చెయ్యెత్తుతాను, నువ్వు పక్కనే ఉన్నా ఎత్తుతాను. ఎత్తితే మళ్ళీ ఆరేళ్ళు నాతో మాట్లాడవా?"